రూడీ గోబేర్ ఆటను అంచనా వేయడం ఎలా?

కోచ్‌లందరికీ నమస్కారం. ఈ రోజు ఒక్క ఆటగాణ్ణే తీసుకుందాం: ఫ్రాన్స్‌కు చెందిన బాస్కెట్‌బాల్ సెంటర్ (బుట్ట దగ్గర ఆడే పొడగరి) రూడీ గోబేర్, ఎత్తు ఏడడుగుల ఒక అంగుళం. అమెరికా లీగ్ ఎన్‌బీఏలో ఉత్తమ డిఫెండర్ అవార్డు 2018, 2019, 2021, 2024లో అందుకున్నాడు. ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివరి నాకౌట్ సిరీస్‌లలో) ఇతన్ని కోర్టులో ఉంచలేమన్న విమర్శా ఇతని మీదే వచ్చింది.

ఎదుటివాళ్లు స్క్రీన్ పెట్టగానే (బంతి పట్టినవాణ్ణి కాసేవాడి దారికి తమ ఆటగాణ్ణి అడ్డం నిలపగానే) గోబేర్ పైకి ఉరకడు. వెనక్కి తగ్గి బంతికీ రిమ్‌కీ (బుట్ట వలయానికీ) మధ్య నిలుస్తాడు. దీన్నే డ్రాప్ అంటాం. లెక్క వేయండి: రిమ్ దగ్గర 65 శాతం పడితే షాట్‌కు 1.3 పాయింట్లు, త్రీలు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) 36 శాతం పడితే 1.08, మధ్యదూరం షాట్లు 40 శాతం పడితే 0.8. డ్రాప్ ఎదుటివాడికి వదిలేది ఆ మూడోదాన్నే. బ్లాకుల సంఖ్య ఒక్కటే చూస్తే ఈ పనిలో సగం కనబడదు. లోపలిదాకా వచ్చి, గోబేర్‌ను చూసి, బంతిని బయటికి విసిరినవాణ్ణి స్కోర్‌షీట్ పట్టించుకోదు. వీడియో చూస్తూ అవి మీరే గీతలు గీసి లెక్కపెట్టుకోవాలి.

ఇప్పుడు 2021 జూన్‌కు వద్దాం. క్లిప్పర్స్‌తో ఆరో మ్యాచ్‌లో గోబేర్ అప్పటి జట్టు యూటా జాజ్ 25 పాయింట్ల ఆధిక్యం పోగొట్టుకుని సిరీస్ ఓడింది. క్లిప్పర్స్ పెద్ద సెంటర్‌ను కూర్చోబెట్టి చిన్న లైనప్‌ను దించింది. కార్నర్‌లో (కోర్టు మూలలో) ఖాళీగా దొరికిన క్లిప్పర్స్ ఆటగాడు టెరెన్స్ మాన్ ఏడు త్రీలతో 39 పాయింట్లు చేశాడు. కార్నర్ త్రీ గీతకు రిమ్ నుంచి 22 అడుగులు. డ్రైవ్ (బంతితో రిమ్ వైపు దూసుకురావడం) ఆపడానికి లోపలికి జరిగినవాడు బంతి గాల్లో ఉండగానే అంత దూరం వెళ్లి చెయ్యెత్తాలి. పాస్‌కు పట్టేది ఒక్క సెకను. ఎంత పొడుగు చేతులకైనా అది అందదు.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. దయచేసి వీడియోను మూడు సెకన్లు వెనక్కి తిప్పండి. గోబేర్ కార్నర్‌ను ఎందుకు వదిలాడు? ముందున్న గార్డును బంతి పట్టినవాడు దాటేశాడు కాబట్టి. చివరి ఫ్రేములో దొరికినవాడి మీదే నేరం మోపడం అన్యాయం. 2023-24లో గోబేర్ తర్వాతి జట్టు మిన్నెసోటాలో జేడెన్ మెక్‌డానియల్స్, ఆంథొనీ ఎడ్వర్డ్స్ ముందు గట్టిగా నిలబడ్డారు. వెనక గోబేర్‌తో ఆ జట్టుది లీగ్‌లోకెల్లా మేటి డిఫెన్స్ అయింది.

ఎవరిమీదా నెట్టలేని లోపం కూడా ఉంది. అదే సీజన్ వెస్ట్ (పశ్చిమ విభాగం) ఫైనల్ రెండో మ్యాచ్ ఆఖరి క్షణాల్లో స్విచ్ వల్ల (కాసేవాళ్లు తమ ఆటగాళ్లను మార్చుకోవడం వల్ల) గోబేర్ డల్లాస్ ఆటగాడు లూకా డోంచిచ్‌కు ఎదురుపడ్డాడు. లూకా స్టెప్‌బ్యాక్ (వెనక్కి అడుగేసి కొట్టే) త్రీతో డల్లాస్ 109-108తో గెలిచింది. రిమ్‌కు దూరంగా, విశాలమైన చోట గోబేర్ పాదాలు నెమ్మది.

ఎటాక్‌లో స్క్రీన్ గట్టిది, రోల్ అయి (స్క్రీన్ వదిలి రిమ్ వైపు పరుగెత్తి) డంక్ చేస్తాడు (బంతిని చేత్తోనే బుట్టలో దించుతాడు). చిన్న గార్డు మీదికి వచ్చినా పోస్ట్‌లో (రిమ్ దగ్గర వీపు ఆనించి ఆడేచోట) ఆ అవకాశం వాడుకోలేడు. ఫ్రీ త్రోలు (ఫౌల్‌కు దొరికే, ఒక్కో పాయింటు షాట్లు) కెరీర్ మొత్తమ్మీద 64 శాతం దరిదాపుల్లో. ‘అయితే కావాలనే ఫౌల్ చేద్దాం’ అనకండి. రెండు త్రోలకు 1.28 పాయింట్లు వస్తాయి; ఎన్‌బీఏ జట్లు సగటున ఒక పొసెషన్‌లో (బంతి చేతికొచ్చిన ఒక్కోసారి) చేసేది అంతకంటే తక్కువే. డంక్‌కు ఎగురుతున్నప్పుడు చేసే ఫౌల్ సంగతి వేరు: దాదాపు ఖాయమైన 2 పాయింట్లు ఆపి 1.28 ఇస్తున్నాం.