మూడు లెక్కపెట్టేదాకా
(కొత్తగా చేరిన ఉపాధ్యాయుల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఈ మైకు పాతికేళ్లు పాఠాలు చెప్పినవాళ్ల చేతికి ఇవ్వాల్సింది. నా అనుభవం సరిగ్గా ఒక్క ఏడు. రేపు రెండోది మొదలు. మొదటిరోజు చేతులు ఎలా వణికాయో ఇంకా మర్చిపోని మనిషి కావాలనుకున్నారేమో, నన్ను పిలిచారు.

నగరంలో హైస్కూలు సంగతి మీకు తెలిసిందే. కిటికీ తీస్తే హారన్లు, మూస్తే ఉక్కపోత. ఒక్క గదిలోనే ఇళ్లలో మాట్లాడే భాషలు నాలుగైదు. అద్దె ఇల్లు మారితే చాలు, ఏడాది మధ్యలో హాజరుపట్టీలో ఒక పేరు కొట్టేస్తాం, అడుగున ఇంకో పేరు చేరుస్తాం. పోయినేడు ఒక పిల్ల రోజూ పది నిమిషాలు ఆలస్యంగా వచ్చేది. గుమ్మం దగ్గరే నిలబెట్టేదాన్ని. చెల్లెల్ని ఇంకో బడిలో దింపి వస్తోందని నాకు తెలియడానికి మూడు వారాలు పట్టింది. ఆ పిల్ల దాచలేదండీ, నేను అడగలేదు.

"మొదట్లోనే చనువిస్తే నెత్తికెక్కుతారు" అని చేరిన రోజే చెప్పారు. నమ్మాను, గొంతు పెంచాను. పక్క గది టీచరు ఒకరోజు నవ్వుతూ, "మీ భిన్నాలు మా పిల్లలక్కూడా వచ్చేశాయమ్మా" అన్నారు. అంతకన్నా పెద్ద తప్పు ఇంకోటి చేశాను. ప్రశ్న వేసి, ఎవరూ పలక్కపోతే జవాబు నేనే చెప్పేసేదాన్ని. గది నిశ్శబ్దంగా ఉంటే నాకు పాఠం రాదనుకుంటారని భయం.

ఏడాది చివర్లో నిజంగానే గొంతు పోయింది. బోర్డు మీద 1/2 + 1/3 రాసి ఊరికే నిలబడ్డాను. కాసేపటికి వెనకబెంచీ కుర్రాడొకడు వచ్చి 2/5 అని రాశాడు. మామూలుగా అయితే డస్టర్ ఎత్తేదాన్నే. ఆ రోజు "ఎలా?" అని చెయ్యి మాత్రం తిప్పగలిగాను.

"మేడం, బాస్కెట్‌బాల్లో ముందు రెండు వేస్తే ఒకటి పడింది. తర్వాత మూడు వేస్తే ఒకటి. మొత్తం ఐదులో రెండు."

చూడండి, వాడి లెక్కలో తప్పేముంది? ఐదింటిలో రెండు పడ్డ మాట నిజం. కాకపోతే వాడు వేర్వేరు మొత్తాల్లోవి కలిపాడు. భిన్నాలు కూడేటప్పుడు రెండూ ఒకే మొత్తంలోవి కావాలి. ఇది చెప్పడానికి నాకు గొంతు లేదు. ఇంకో పిల్ల లేచి, "సగం కాగితానికి ఇంకాస్త కలిపితే సగంకన్నా తగ్గుతుందా? 2/5 సగంకన్నా తక్కువే కదా!" అంది. ఇక గదంతా ఒకటే గోల. 5/6 వాళ్లే తేల్చారు. ఏడాదంతా నేను చెప్పిన భిన్నాలకన్నా ఆ పూట నేను చెప్పనివే వాళ్లకి బాగా అబ్బాయి.

సెలవుల్లో మేరీ బడ్ రో అనే ఆవిడ పరిశోధన గురించి చదివాను. 1970ల్లో, అమెరికాలో, సైన్సు తరగతుల టేపులు విని తేల్చారట: ప్రశ్న వేశాక టీచర్లు ఆగేది దాదాపు 1 సెకను. దాన్ని 3 సెకన్లకి పెంచితే పిల్లల జవాబులు పొడుగవుతాయి, మౌనంగా ఉండిపోవడం తగ్గుతుంది, మందమతులని మనం పక్కన పెట్టినవాళ్లు నోరు విప్పుతారు. జవాబు విన్నాక కూడా అలాగే ఆగాలిట. నాకు అదే కష్టం. "వెరీగుడ్" అనేది నాలుక చివరే కాచుకుని ఉంటుంది.

సిలబస్ ఎలా అవుతుందని అడుగుతారు. పీరియడుకి ఇరవై ప్రశ్నలు, ఒక్కోదానికి అదనంగా రెండు సెకన్లు. మొత్తం నలభై సెకన్లు. హాజరు పిలవడానికి అంతకన్నా ఎక్కువే పోతుంది.

పాత లెసన్ ప్లాన్లు పారెయ్యలేదు. పిల్లలు ఎక్కడ ఏ తప్పు చేశారో, ఎందుకు చేశారో మార్జిన్లో ఎర్ర పెన్నుతో రాసుకున్నాను. ఈ ఏడు రోల్ నంబర్లతో కాక పేర్లతో పిలుస్తాను. మొదటి వారం తడబడతాను, తెలుసు. ఆలస్యంగా వచ్చినవాళ్లు ముందు లోపలికొచ్చి కూర్చుంటారు, కారణం తర్వాత అడుగుతాను.

రేపు మొదటి పీరియడు నాదే. మీలో ఎవరికైనా మా పక్క గది పడితే, ఇటునుంచి చప్పుడు రావడం లేదని కంగారుపడి తలుపు కొట్టకండి. లోపల నేను మూడు లెక్కపెట్టుకుంటూ ఉంటాను.