మూడో వరసలో కూర్చున్న మా ఆవిడ కోసం

వేదిక మీదున్న పెద్దల పేర్లు ఒక్కొక్కటే చదివితే టీ చల్లారిపోతుంది, అందరికీ కలిపి ఒకే నమస్కారం. ఆటిజంలో జన్యువులు, మెదడు రసాయనాల గురించి మాట్లాడమన్నారు. ఇరవై ఏళ్ళు ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి, ఆ మాత్రం చెప్పగలను. కానీ ముందు ఒక రిపోర్టు సంగతి కక్కేయాలి.

మావాడికి ఆటిజం. వాడికి నాలుగేళ్ళప్పుడు అమీర్‌పేటలో ఒక ల్యాబువాళ్ళు, మూత్రం చూసి మెదడులో సెరటోనిన్ అనే రసాయనం ఎంతుందో చెబుతామన్నారు. పద్నాలుగు వేలు! రంగురంగుల గ్రాఫులు ఆరు పేజీలు, చివర మూడు డబ్బాల పొడి, దాని రేటు. రోజూ హబ్సిగూడలో, జన్యువుల మీద పరిశోధన చేసే సీసీఎంబీ గేటు ముందునుంచే కాలేజీకి వెళ్ళే కెమిస్ట్రీ లెక్చరర్ని, నోరు మూసుకుని కట్టాను. ఆ పొడి కలిపిన పాలు ఇస్తే వాడు వాసన చూసి, గ్లాసుని జరిపి జరిపి సరిగ్గా బల్ల అంచుకి ఆనించి వెళ్ళిపోయేవాడు. తండ్రికంటే నయం.

సెరటోనిన్ కథ పూర్తిగా కట్టుకథ కాదండీ. 1961లోనే షెయిన్, ఫ్రీడ్‌మన్ అనే పరిశోధకులు, కొందరు ఆటిజం పిల్లల రక్తంలో అది ఎక్కువుందని గమనించారు, ఆ తరవాత చూసినవాళ్ళకీ సుమారు పావువంతు మందిలో కనిపించింది. అయితే ఒంట్లోని సెరటోనిన్‌లో ఎక్కువ భాగం పేగుల్లో తయారై ప్లేట్‌లెట్లలో తిరుగుతుంది, రక్తానికీ మెదడుకీ మధ్యనున్న అడ్డుగోడ దాటదు. రక్తం చూసే మెదడు లెక్క తేల్చలేకపోతుంటే ఇంక మూత్రం చూసి ఏం తేలుస్తారు? మెదడు కణాల్ని గ్లుటమేట్ అనే రసాయనం ఉసిగొల్పుతుంది, గాబా అనేది ఆపుతుంది, ఆ తూకం చెడిందేమోనని ఇంకో వాదన. దాన్ని సరిచేస్తుందని బ్యూమెటనైడ్ మాత్ర మీద బోలెడు ఆశ పెట్టుకున్నారు, పెద్ద పరీక్షల్లో ఉత్తుత్తి మాత్రకంటే మెరుగని తేలలేదు.

ఇక జన్యువులు. కాదు, ముందు మా ఆవిడ. మూడో వరసలో ఉంది, ఇంటికెళ్ళాక నాకుంటుంది. ఉద్యోగానికెళ్ళి పిల్లాణ్ణి ఫోనుకి అప్పజెప్పిందని మా బంధువులు గృహప్రవేశంలో, భోజనాల బంతిలోనే అన్నారు. ఇలా తల్లిని తప్పుపట్టడం మన దగ్గర పుట్టిన జబ్బు కాదు, 1960ల్లో అమెరికాలో బెటల్‌హైమ్ అనే మానసిక నిపుణుడు కూడా తల్లుల్నే దోషుల్ని చేశాడు. 1977లో ఫోల్‌స్టీన్, రట్టర్ అనే పరిశోధకులు 21 కవల జతల్ని చూస్తే, ఒకే అండం నుంచి పుట్టిన, అంటే జన్యువులు ఒకటే అయిన 11 జతల్లో 4 జతలకి ఇద్దరికీ ఆటిజం ఉంది, మిగతా 10 జతల్లో ఒక్కదానికీ అలా లేదు. ఇంత చిన్న లెక్క, కానీ వేలు తల్లి పెంపకం మీంచి జన్యువుల వైపు తిరిగింది! 2020 నాటికి ఆటిజంతో సంబంధమున్న జన్యువులు 102 అని ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. వాటిలో చాలా మార్పులు తల్లిలోనూ తండ్రిలోనూ ఉండవు, బిడ్డలోనే కొత్తగా వస్తాయి.

ఇది చదవకముందు నేనూ ఒకరోజు వంటింటి గడప దగ్గర నిలబడి, "మీ వైపు ఎవరికైనా ఉందా?" అని అడిగాను. ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. పోపులో ఆవాలు మాడిపోయాయి. స్టవ్ ఆపాలని ఇద్దరికీ తోచలేదు.

మీలో ఎంతమంది ఆ ప్రశ్న అడిగారు? చేతులెత్తక్కర్లేదు లెండి.

టీ తాగాక వెనక బల్ల దగ్గర ఉంటాను. జన్యు పరీక్ష రిపోర్టులుంటే తెండి, డాక్టర్ని ఏమేం అడగాలో కలిసి రాసుకుందాం. మూత్రం గ్రాఫులు మాత్రం తేవద్దు. మావాటి వెనకవైపు ఖాళీగా ఉంటే మావాడు రైలుపట్టాలు గీసుకుంటున్నాడు, ఇప్పటికి నాలుగు పేజీలయ్యాయి.