కాన్వీ కోటలో గోడల దగ్గర ఆగండి

వ్యాఖ్యాత: కోటకు వెళ్లినవాళ్లు బురుజెక్కి, ఫొటో తీసుకుని దిగిపోతారని మీరు బాధపడుతుంటారు. మరి ఏం చూడాలంటారు?

అతిథి: గోడలు చూడాలండీ. వేల్స్ ఉత్తర తీరంలోని కాన్వీకే వెళ్దాం. ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డ్ 1283లో ఈ కోట మొదలుపెట్టించాడు. ఎనిమిది పెద్ద బురుజులు, ఊరి చుట్టూ ప్రాకారం. ప్రధానమైన పనంతా నాలుగైదేళ్లలో ముగించారు.

వ్యాఖ్యాత: అంత తొందర ఎందుకు?

అతిథి: వేల్స్‌ను అప్పుడే జయించాడు. జనం మళ్లీ తిరగబడతారని భయం. అది నిజమైంది కూడా. 1294లో తిరుగుబాటు లేచినప్పుడు, ఆ చలికాలంలో ఎడ్వర్డే ఈ కోటలో చిక్కుకుపోయి తిండికి కటకటలాడాడు.

వ్యాఖ్యాత: అయ్యో! కట్టించినవాడికే ఆ కోట చెరసాల అయిందన్నమాట.

అతిథి: అవును. ఇక గోడ దగ్గరకు వెళ్లి నిలబడండి. రాళ్ల మధ్య చిన్న చిన్న రంధ్రాలు కనిపిస్తాయి. పరంజా కట్టడానికి వాసాలు దూర్చిన చోట్లు అవి. అందులో వేలు పెట్టి చూశాను, లోపల చల్లగా ఉంది. ఏ కూలీ ఆ వాసం దూర్చాడో, ఏ ఊరివాడో! కొన్ని చోట్ల పాత సున్నం ఆనవాళ్లు కూడా మిగిలాయి. అప్పట్లో ఇది తెల్లగా మెరిసే కోట. ఇప్పటి బూడిదరంగు చూసి ఆ రూపం ఊహించడం కష్టం.

వ్యాఖ్యాత: ఊరి ప్రాకారం ఎక్కవచ్చా?

అతిథి: చాలా భాగం ఎక్కి నడవచ్చు. మొత్తం పొడవు సుమారు 1.3 కిలోమీటర్లు, 21 బురుజులు. దక్షిణం వైపు గోడకు 12 మరుగుదొడ్లు ఒకే వరసలో బయటికి పొడుచుకుని ఉంటాయి. రాజుగారి ఉద్యోగుల కోసం కట్టినవి. నాకు సింహద్వారం కన్నా అవే ఎక్కువ నచ్చాయి, అక్కడ మనుషులు బతికారని అవి చెబుతాయి.

వ్యాఖ్యాత: చర్చి సంగతి?

అతిథి: అది వదలకూడదు. కోట రాకముందు అక్కడ సిస్టర్షియన్ అనే క్రైస్తవ శాఖ సన్యాసుల మఠం ఉండేది. వేల్స్ ప్రజలు గొప్పగా తలచుకునే లెవెలిన్ రాజును 1240లో అక్కడే పాతిపెట్టారు. ఎడ్వర్డ్ ఆ సన్యాసులను కాన్వీ నదికి ఎగువన ఉన్న మైనాన్ అనే చోటికి పంపేసి, వాళ్ల గుడిని ఊరి చర్చిగా మార్చాడు. సెయింట్ మేరీ చర్చిగా ఇప్పటికీ నడుస్తోంది. గెలిచినవాడి గర్వం కోటలో కనిపిస్తే, ఓడినవాళ్ల దుఃఖం ఈ చర్చిలో ఉందని నాకనిపిస్తుంది. ప్రాకారం మీద నడుస్తూ చూస్తే ఇళ్ల కప్పుల నడుమ దాని గోపురం కనిపిస్తుంది. దిగి, అటే నడవండి.