పాత టేకు మీద ఐదు చెక్కడపు ఉలులు: రెండు నెలల తర్వాత నా అభిప్రాయం

నమస్కారం. ఈ ఐదు ఉలులను ఒక కంపెనీ వారు నాకు ఉచితంగా పంపించారు. వారి నుంచి డబ్బు తీసుకోలేదు, వీడియోను ముందుగా వారికి చూపించలేదు. కొలతలూ, ఉక్కు వివరాలూ మీరు ఇప్పటికే చదివే ఉంటారు కనుక, పాత కలప మీద ఇవి ఎలా నడిచాయన్నదే చెబుతాను.

నేను చెక్కడానికి కొత్త దుంగ కొనను. మా తాతగారి పెంకుటిల్లు విప్పినప్పుడు మిగిలిన టేకు ద్వారబంధం, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు మా వీధిలో కూలిన వేపచెట్టు మాను, ఇవే నా సరుకు. వేపలో నార పొరపొరకూ దిశ మారుతుంది కాబట్టి, మొద్దుబారిన ఉలి దానిని కోయదు, పీకేస్తుంది. టేకులో సహజంగానే సిలికా ఉండటం వల్ల ఎంత మంచి పదునైనా త్వరగా అరిగిపోతుంది.

ముందుగా నన్ను విసిగించినది చెబుతాను. పిడులకు దట్టంగా వార్నిష్ పూశారు. అరచేతికి చెమట పట్టగానే ఉలి జారిపోతోంది. రోజంతా పట్టుకొని పనిచేయవలసిన చోట ఆ మెరుపు ఎందుకో నాకు అర్థం కాలేదు. చివరికి గాజుపెంకుతో గీకేసి, అవిసె నూనె పట్టించాను.

ఇక అసలు సంగతి. ద్వారబంధం మీద తామరరేకు చెక్కుతుండగా, పైన అయస్కాంతం తిప్పి చూసుకున్నా దొరకని విరిగిన మేకు ఒకటి లోపల వంపు ఉలికి తగిలింది. ఇదిగో, వెలుతురులో చూడండి: అంచు పెచ్చు ఊడలేదు, వెంట్రుకంత మేర మడత పడింది, అంతే. సానరాయి మీద పది నిమిషాలు నూరితే మళ్లీ పదును వచ్చింది. ఇంతకుముందు నేను వాడిన ఉలి ఇలాంటి మేకుకే బియ్యపు గింజంత విరిగిపోతే, దానిని సరిచేయడానికి ఒక మధ్యాహ్నమంతా పట్టింది. కాచి మరీ గట్టిపరచిన ఉక్కు పెళుసుగా ఉంటుంది; పాత ఇంటి చెక్కలో మేకు తగలక మానదు గనుక, విరిగే అంచు కంటే వంగే అంచే మనకు మేలు. ఆ మేకు గుంటను కొండపల్లి బొమ్మలవారు వాడే మక్కుతో, అంటే చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన ముద్దతో, పూడ్చాను.

వి-ఆకారపు ఉలికి రెండు వైపులా సమంగా సానపట్టలేదు, అది వేపను చించేసింది. అయినా ఆ వంపు ఉలి చేసిన పని చూశాక ఈ సెట్టును తిప్పి పంపాలనిపించలేదు. పాత చెక్కతో పనిచేసేవారు నిస్సందేహంగా కొనవచ్చు. విడిగా దొరికితే మాత్రం వంపు ఉలులు రెండూ తీసుకుంటే చాలు.