ఓడ ఎక్కని ఆటగాళ్లు

సభకు నమస్కారం.

బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరూ ఒక్కో ఊహా పాత్రగా మారి ఆడే ఫాంటసీ రోల్‌ప్లేయింగ్ ఆటల్లో, ఆ ఊహాలోకాన్ని నడిపే గేమ్ మాస్టర్ చేసే పని ఏమిటని అడిగితే, చాలామంది కథ చెప్పడమే అంటారు. బుర్రకథలు విని పెరిగిన మనకు ఆ పోలిక తోచడం సహజమే గాని, దాన్ని నేను ఒప్పుకోలేను. బుర్రకథలో వంతలు ప్రశ్నలు వేస్తారు, హాస్యం పండిస్తారు, తందాన తాన అంటారు. కథ ఎటు పోవాలన్నది మాత్రం వారి చేతిలో ఉండదు. మన ఆటలో అది ఆటగాళ్ల చేతిలోనే ఉండాలి. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల పేర్లతో అమెరికాలో వెలువడిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఇలాంటి ఆట, బొమ్మ సైన్యాలతో ఆడే యుద్ధక్రీడల నుంచి పుట్టింది. ఆ క్రీడల్లో తగవులు తీర్చే రిఫరీ ఒకడుండేవాడు. గేమ్ మాస్టర్ ఆ రిఫరీకి వారసుడని నేను నమ్ముతాను.

ఈ సంగతి నాకు విశాఖపట్నం పెదవాల్తేరులో, ఒక మిత్రుని ఇంటి డాబా మీద తెలిసివచ్చింది. డచ్చివారి కాలపు భీమిలిని మనసులో పెట్టుకుని ఒక ఊహా రేవుపట్నాన్ని కల్పించి, అక్కడి నుంచి ఆటగాళ్లను ఓడలో ఒక మాంత్రికుని ద్వీపానికి తీసుకుపోవాలని మూడు వారాలు కూర్చుని రాసుకున్నాను. రేవులో ఒక ముసలి పడవవాడిని పెట్టి, కాస్త ఊరి వాసన కోసం అతనిచేత, "కొండమీద తొట్లు ఎండిపోనాయి బాబూ, మా గొడ్లకి ఏటి తాగిస్తాం?" అనిపించాను. విశాఖ దగ్గరి బౌద్ధ క్షేత్రం తొట్లకొండ మీద రాతిలో తొలిచిన నీటితొట్లు మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ మాట అక్కడి నుంచి వచ్చినదే తప్ప దాని వెనుక నేను అనుకున్నదేమీ లేదు. ఐదుగురు ఆటగాళ్లూ ఓడను వదిలేసి కొండ ఎక్కుతామన్నారు. నేను తుఫాను తెచ్చాను, కొండదారిలో సైనికులను నిలబెట్టాను, చివరికి వారిని ఓడ ఎక్కించాను. ఆట ముగిశాక అందరికన్నా చిన్నదైన అమ్మాయి, "అన్నా, మేమేం చేసినా ఓడే ఎక్కాలా?" అని మెల్లగా అడిగింది. నా దగ్గర జవాబు లేకపోయింది.

అప్పటి నుంచి నేను సంఘటనల వరుస రాసుకోవడం మానేశాను. ఒక స్థలం, అందులో నలుగురు మనుషులు, ఒక్కొక్కరికీ ఏమి కావాలి, ఎవరూ అడ్డుపడకపోతే పది రోజుల్లో అక్కడ ఏమి జరుగుతుంది అన్నవే రాసుకుంటాను. సుంకాల అధికారికి నీటిమీద పన్ను కావాలి, పడవవాడికి గొడ్లు బతకాలి, కొండమీది భిక్షువుకు తొట్ల అడుగున దాచినది బయటపడకూడదు. ఇంత తెలిస్తే ఆటగాళ్లు ఎటు నడిచినా ఎవరు ఎలా స్పందిస్తారో నాకు తెలుస్తుంది. పటాలూ, బొమ్మలూ, నేపథ్య సంగీతమూ ఉంటే మంచిదే. లేకపోయినా ఆట ఆగదు.

పాత్ర తలపెట్టిన పని నెగ్గుతుందో లేదో తేల్చే పాచికల విషయంలో మాత్రం లెక్క తెలిసి ఉండాలి. 2014లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అయిదవ ఎడిషన్‌లో మధ్యరకం కష్టమున్న పనికి 15 రావాలి. పాత్ర నైపుణ్యం అయిదు కలిపితే, ఇరవై ముఖాల పాచిక మీద 10 గాని అంతకు మించి గాని పడాలి. అంటే గెలిచే అవకాశం నూటికి 55 వంతులు. కథ ముందుకు సాగడానికి తప్పనిసరైన ఆధారాన్ని అలాంటి ఒక్క పాచిక వెనుక దాచితే, దాదాపు సగంసార్లు ఆట అక్కడే నిలిచిపోతుంది. అందువల్ల ముఖ్యమైన ఆధారాన్ని మూడు చోట్ల ఉంచుతాను; ఓడిపోయినా ఏమీ మారని చోట పాచిక వేయించను. ఆటగాళ్ల ఉపాయం బాగుంటే అడ్వాంటేజ్ ఇచ్చి, రెండు పాచికలు వేయించి పెద్దది తీసుకోమంటాను. అప్పుడు అదే పనికి అవకాశం 80కి చేరువవుతుంది. ఆలోచనకు ఆటలో విలువ ఉందని చెప్పడానికి ఇంతకన్నా న్యాయమైన పద్ధతి నాకు కనిపించలేదు.

ఆ తరువాతి ఆదివారం నేను ఆ ఐదుగురికీ క్షమాపణ చెప్పి, ఆటను మళ్లీ రేవులోనే మొదలుపెట్టాను. వారు కొండ ఎక్కారు. తొట్టి మీది బండను జరపబోయినప్పుడు పాచిక 3 చూపింది, అంటే ఓడినట్టే. ఆట నిలిచిపోకూడదని బండ జరిగిందన్నాను గాని, అది దొర్లుకుంటూ లోయలో పడి, ఆ చప్పుడుకు కింద సైనికుల కాగడాలన్నీ కొండవైపు తిరిగాయి. బల్ల దగ్గర ఎవరూ మాట్లాడలేదు. "ఇప్పుడు మీరేం చేస్తారు?" అని అడిగాను. ఏమి జవాబు వస్తుందో నాకు నిజంగా తెలియదు.