శస్త్రచికిత్స అయిన మనిషికి పప్పు పెట్టవచ్చా?

[దృశ్యం: ఆసుపత్రి వార్డు. మంచం పక్కన బల్ల మీద మూత తీసిన స్టీలు క్యారియర్. పలుచని చారు కలిపిన మెత్తని అన్నం, పక్కన సగం కొరికిన బ్రెడ్డు ముక్క.]

ఈ అన్నం ఒక కోడలు తెల్లవారకముందే లేచి వండింది. రెండు బస్సులు మారి వార్డుకు తెచ్చింది. మామగారికి తుంటి ఎముక విరిగింది, శస్త్రచికిత్స జరిగి నాలుగు రోజులైంది. "పప్పు తింటే కుట్లు చీము పడతాయట మామయ్యగారూ, ఇంకో వారం ఓపిక పట్టండి" అంటోంది. ఆ మాటలో ప్రేమకు కొదవ లేదు. కొదవంతా గిన్నెలోనే ఉంది.

పప్పు వల్ల చీము పట్టదు. గాయంలో సూక్ష్మక్రిములు చేరితే చీము పడుతుంది. ముద్దపప్పు రంగు, చీము రంగు కాస్త దగ్గరగా ఉండటం వల్లే ఈ భయం పుట్టిందేమోనని నాకు అనిపిస్తుంది. ఎలా పుట్టినా, గాయం మానడానికి కావలసిన సరుకునే అది కంచంలోంచి తీసేస్తోంది.

[దృశ్యం: కుట్ల కింద చర్మం అతుక్కునే బొమ్మ. తర్వాత రోజురోజుకూ సన్నబడుతున్న తొడ.]

తెగిన చోట కొత్త కణజాలం అల్లుకోవాలంటే మాంసకృత్తులు, అంటే ప్రొటీన్లు కావాలి. క్రిములతో పోరాడే యాంటీబాడీలు కూడా మాంసకృత్తులే. తిండిలో అవి రాకపోతే శరీరం ఊరుకోదు, సొంత కండను కరిగించి వాడుకుంటుంది. మంచం మీద కదలకుండా ఉన్న మనిషికి కండ అసలే త్వరగా తగ్గుతుంది. ఎముక చక్కగా అతికినా లేచి నాలుగడుగులు వేయలేకపోవడానికి, వీపు మీద పుండ్లు పడటానికి ఇదొక పెద్ద కారణం.

[దృశ్యం: తెర మీద చేతిరాతతో లెక్క.]

ఆరోగ్యంగా ఉన్నవారికి రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలని హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. అంటే 60 కిలోల మనిషికి దాదాపు 50 గ్రాములు. జబ్బుపడినప్పుడు, శస్త్రచికిత్స తర్వాత ఈ అవసరం కిలోకు 1.2 నుంచి 1.5 గ్రాముల వరకు పెరుగుతుంది. అదే మనిషికి ఇప్పుడు 72 నుంచి 90 గ్రాములు కావాలి. మరి మనం పెడుతున్నది? మూడు ఇడ్లీలు, రెండు పూటలా చారన్నం, రెండు బ్రెడ్డు ముక్కలు, ఒక గ్లాసు పాలు. అన్నీ కలిపినా 30 గ్రాములు దాటడం కష్టం.

ఇప్పుడు ఇలా మార్చి చూడండి. రెండు ఉడికించిన గుడ్లు, 12 గ్రాములు. రెండు గ్లాసుల పాలు, మరో 12. రెండు పూటలా ఒక్కో కప్పు గట్టి పప్పు, 14. కప్పు పెరుగు, 5. వంద గ్రాముల చేప లేదా కోడి మాంసం, సుమారు 20. ఇడ్లీ, అన్నం ఇచ్చేవి ఎలాగూ ఉంటాయి. లెక్క 75 దాటింది. మాంసం తినని ఇంట్లో పనీరు, సోయా, వేరుసెనగ పొడి సాయానికి వస్తాయి.

2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో స్విట్జర్లాండ్ వైద్యుల అధ్యయనం ఒకటి వచ్చింది. ఎనిమిది ఆసుపత్రుల్లో, పోషకాహార లోపం ముప్పు ఉన్న రెండు వేల మందికి పైగా రోగులను పరిశీలించారు. సగం మందికి మామూలు ఆసుపత్రి భోజనం. మిగతావారికి ఎన్ని కేలరీలు, ఎన్ని మాంసకృత్తులు కావాలో ఎవరికి వారికి లెక్కగట్టి అందించారు. నెల తిరిగేసరికి మొదటి వర్గంలో వందకు పదిమంది చనిపోతే, రెండో వర్గంలో ఏడుగురు. వందమందిలో ముగ్గురు! లెక్క చూసి పెట్టిన తిండి నిలబెట్టిన ప్రాణాలవి.

[దృశ్యం: వార్డు కిటికీ దగ్గర వరుసగా కొబ్బరి బొండాలు.]

చూడటానికి వచ్చినవాళ్లంతా బొండాలు తెస్తారు. వాటిలో మాంసకృత్తులు దాదాపు లేవు, పొటాషియం మాత్రం ఎక్కువ. కిడ్నీలు దెబ్బతిన్నవారికి ఆ పొటాషియం గుండె లయనే తప్పించగలదు. వారికి డాక్టరును అడగకుండా బొండాం తాగించకండి. మాంసకృత్తులు ఎంత పెట్టాలన్నది కూడా కిడ్నీ రోగుల విషయంలో డాక్టరే తేల్చాలి. పేగులకు శస్త్రచికిత్స జరిగితే ఎప్పుడు, ఏది మొదలుపెట్టాలో ఆయన చెప్పేవరకు ఆగాలి. చాలా రోజులుగా ఏమీ తినని మనిషికి ఒక్కసారిగా కడుపునిండా పెట్టినా ప్రమాదమే. రక్తంలో ఫాస్ఫరస్ పడిపోతుంది, అందుకే కొద్దికొద్దిగా పెంచుతారు.

శస్త్రచికిత్సకు ముందు ఉపవాసం గురించి ఒక్క మాట. సాధారణంగా తేలికపాటి ఆహారం ఆరు గంటల ముందు, మంచినీళ్లు రెండు గంటల ముందు ఆపితే చాలు. కొందరికి ఇంకా ఎక్కువసేపు ఆపమంటారు, మత్తు డాక్టరు మాటే ఖాయం. ఆ రోజు జరగాల్సినది వాయిదా పడిందనుకోండి, "ఇప్పుడు తినిపించవచ్చా?" అని వెంటనే నర్సును అడగండి. ఎవరూ అడగక సాయంత్రం వరకు, మర్నాడు మళ్లీ ఖాళీ కడుపుతో పడుకునే ముసలివాళ్లను తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

[దృశ్యం: ముంజేతి మీద కిందికి జారుతున్న గాజులు. తర్వాత చిన్న నోటుపుస్తకం.]

చేర్చిన రోజే బరువు తూయించండి. గాజులు, ఉంగరం వదులయ్యాయా, కొన్ని నెలలుగా ఆకలి తగ్గిందా, ఇవి డాక్టరుకు చెప్పాల్సిన సంగతులు. క్యారియర్‌లో ఎంత తెచ్చారో కాకుండా, ఎంత మిగిలి వెనక్కి వెళుతోందో ప్రతి పూటా రాసిపెట్టండి. డాక్టరు రౌండ్లకు వచ్చినప్పుడు ఆ పుస్తకం చేతికిచ్చి, "మూడు రోజులుగా సగం కూడా తినడం లేదండీ, డైటీషియన్‌ను ఒకసారి పంపిస్తారా?" అని అడగండి.