ఇంకో రెండు సెట్లు ఎందుకు? ఆఫీసు కాగితంపై చర్చ

(నల్లగొండలోని ఒక స్థానిక స్టూడియోలో జరిగిన చర్చ నుంచి. పాల్గొన్నవారు: రెవెన్యూ శాఖ విశ్రాంత సూపరింటెండెంట్, మహబూబ్‌నగర్‌లో పర్యావరణ శాస్త్రం బోధించే అధ్యాపకురాలు, కలెక్టరేట్ దగ్గర జీరాక్స్ సెంటర్ నడుపుతున్న యజమాని.)

వ్యాఖ్యాత: నమస్కారం. ప్రభుత్వ ఆఫీసుల్లో కాగితం వాడకం ఎలా తగ్గించాలన్నదే ఇవాళ్టి చర్చ. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణికి వెళ్లినవాళ్లకు తెలుసు, లోపలి క్యూ కంటే జీరాక్స్ మిషన్ ముందు క్యూనే పెద్దది. అందుకే మొదటి ప్రశ్న దుకాణం అన్నకే. కాగితం తగ్గించమంటే మీ గిరాకీ దెబ్బతింటది కదా?

జీరాక్స్ సెంటర్ యజమాని: దెబ్బతింటది సార్, ఎందుకు దాచాలి? కానీ నేను తీసే కాపీల్లో చాలావాటిని ఎవరూ చదవరని కూడా నాకు తెలుసు. చండూరు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. అర్జీ ఒక్కటే. ఆధార్, పాస్‌పుస్తకం, భూమి రికార్డు పాత పహాణీ మాత్రం మూడేసి తీయమన్నారు. ఎందుకు తాతా అంటే, ‘ఏమో బిడ్డా, ఒకటి తక్కువైతే మళ్ల బస్సెక్కి రావాలె’ అన్నారు. బస్సు ఛార్జీ కంటే కాపీలే చవక కదా ఆయనకు.

సూపరింటెండెంట్: ఆ పెద్దాయన లెక్క తప్పేం కాదు. ఏ పనికి ఎన్ని కాపీలు కావాలో ఎక్కడా రాసి ఉండదు. కౌంటర్‌లో కూర్చున్నవారు ఏది అడిగితే అదే రూలు. ఇక లోపల సంగతి చెప్తా. అర్జీకి ఇన్‌వార్డ్ నంబరు పడుతుంది, స్కాన్ చేస్తారు, ఈ-ఆఫీస్ అనే కంప్యూటర్ వ్యవస్థలో ఫైలు నడుస్తుంది. అంతవరకు బాగానే ఉంది. పైకి పంపేటప్పుడు కింద ఒక్క లైను రాస్తారు: ‘హార్డ్ కాపీ పోస్టులో పంపుతున్నాం’. ఇక కవరింగ్ లెటర్, ఎన్‌క్లోజర్లు, ఆఫీస్ కాపీ అన్నీ మళ్లీ ప్రింటే. పాత పద్ధతి పోలేదు, కొత్తది దానిమీద వచ్చి కూర్చుంది.

వ్యాఖ్యాత: మేడం, బరువు లెక్కలో చూస్తే ఇది ఎంత?

అధ్యాపకురాలు: 80 జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరుకు 80 గ్రాములు తూగే ఏ4 కాగితం ఒక్కటి 5 గ్రాములు. 500 కాగితాల రీము రెండున్నర కిలోలు. విడిగా చూస్తే ఏముందిలే అనిపిస్తుంది. 2023 డిసెంబర్ చివర్లో ప్రభుత్వ పథకాల కోసం ప్రజాపాలన దరఖాస్తులు తీసుకున్నారు గుర్తుందా? రాష్ట్రమంతా కలిపి కోటికి పైగా వచ్చాయి. దరఖాస్తుకు ఆధార్ ఒకటి, రేషన్ కార్డు ఒకటి, రెండు జీరాక్సులు అనుకున్నా రెండు కోట్ల కాగితాలు. అంటే 100 టన్నులు. ఫారాలు ఇందులో కలపలేదు. చిత్రమేమిటంటే ఆ రెండు కార్డుల వివరాలు ప్రభుత్వం కంప్యూటర్లలో ముందే ఉన్నాయి.

వ్యాఖ్యాత: అన్ని టన్నులంటే ఎన్ని చెట్లు పోయినట్టు?

అధ్యాపకురాలు: చెట్ల లెక్క దగ్గర జాగ్రత్తగా ఉండాలి. కాగితం కోసం నల్లమల కొట్టేస్తున్నారని పిల్లలు వ్యాసాల్లో రాస్తుంటారు. మన మిల్లులకు వెళ్లే కర్రలో ఎక్కువ భాగం రైతులు పొలాల్లో పెంచిన సుబాబుల్, జామాయిల్, సరుగుడు. పాత కాగితాన్ని నానబెట్టి మళ్లీ గుజ్జు చేసే మిల్లులూ చాలా ఉన్నాయి. అసలు భారం నీళ్లు, కరెంటు, తెల్లగా చేయడానికి వాడే రసాయనాలు, మిల్లు నుంచి వచ్చే మురుగు. ఇంకో సంగతి: బస్సు టికెట్లు, బిల్లులు వచ్చే థర్మల్ కాగితం. 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణానికి మహిళలకు ఇస్తున్న జీరో టికెట్ కూడా అదే. దాన్ని మామూలు పాత కాగితాల్లో కలపకూడదు, దానిమీది రసాయన పూత గుజ్జులోకి దిగుతుంది.

వ్యాఖ్యాత: మరి ఆఫీసుల్లో కనీసం రెండు వైపులా ప్రింట్ తీయొచ్చు కదా?

సూపరింటెండెంట్: చెప్పడం తేలిక. ఫైలుకు ఎడమవైపు రంధ్రం చేసి ట్యాగ్ కడతాం. వెనకవైపు ప్రింట్ ఉంటే లైను చివరి మాటలు ఆ కట్టులోకి పోతాయి. సర్వే నంబర్‌లో చివరి అంకె కనపడకపోతే ఎంత గొడవో మీకు తెలియంది కాదు.

అధ్యాపకురాలు: దానికి మార్గం ఉంది సార్. సుప్రీంకోర్టు 2020లో ఏ4 కాగితం, రెండు వైపులా ప్రింట్ అని చెప్పినప్పుడు కుడి ఎడమల 4 సెంటీమీటర్ల మార్జిన్ కూడా పెట్టింది. కోర్టుకు సరిపోయింది తహశీల్దార్ ఆఫీసుకు సరిపోదా?

సూపరింటెండెంట్: సరిపోతుంది, ఒప్పుకుంటా. కానీ ఒక్కమాట. కాగితం తగ్గించండి అంటూ రైతు చేతిలో ఉన్నది లాగేయొద్దు. 2020 అక్టోబర్‌లో భూమి రికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది, దాని స్థానంలో 2025 ఏప్రిల్‌లో భూభారతి. ఆన్‌లైన్‌లో పేరు తప్పు పడినవాళ్లు ఏం పట్టుకుని వచ్చారు? పాత పహాణీ నకలు, పాత పాస్‌పుస్తకం. అది రుజువు. తగ్గించాల్సింది దానికి తీసే మూడో కాపీని.

వ్యాఖ్యాత: దేవరకొండ నుంచి ఫోన్‌లో ఒకరు అడుగుతున్నారు. ఆధార్ ఫొటో ఫోన్‌లో చూపిస్తే చాలదా అని.

సూపరింటెండెంట్: ఫొటో వేరు, ప్రభుత్వ యాప్ డిజిలాకర్‌లో శాఖ నేరుగా జారీ చేసిన పత్రం వేరు. రెండోది అసలుతో సమానమే. అయితే ఐటీ చట్టం, 2000లో 9వ సెక్షన్ ఒకటి ఉంది. ఎలక్ట్రానిక్ రూపంలోనే తీసుకోవాలని ఆఫీసును పట్టుబట్టే హక్కు ఆ చట్టం ఇవ్వదు. కౌంటర్‌లో కాదంటే వాదించడానికి పెద్దగా ఏమీ మిగలదు.

జీరాక్స్ సెంటర్ యజమాని: వాదించరు సార్, నా దగ్గరికే వస్తారు. డిజిలాకర్‌ది వాట్సాప్ చేయించుకుని ప్రింట్ తీసిస్తున్నా. కలర్ అయితే పది రూపాయలు.

వ్యాఖ్యాత: (నవ్వు) టైమ్ అయిపోతోంది. రేపే మొదలుపెట్టగలిగే పని ఒకటి చెప్పండి.

సూపరింటెండెంట్: ప్రతి ఆఫీసు గుమ్మం దగ్గర బోర్డు. ఈ పనికి ఈ పత్రాలు, ఒక్కొక్కటి ఒక్క కాపీ. కింద ఆఫీసర్ సంతకం. అది ఉంటే ఎవరూ ఇంకో రెండు సెట్లు అడగలేరు.

జీరాక్స్ సెంటర్ యజమాని: ఆ ఫ్లెక్సీ ఏదో నాకే ఇవ్వండి సార్, పోయే గిరాకీలో కొంచెమన్నా వస్తది.

అధ్యాపకురాలు: ఫ్లెక్సీ వద్దన్నా, అది ప్లాస్టిక్. గోడమీద రంగుతో రాయించండి.